కాళ్లు కనిపించని ఏనుగులు

నాకు ఏడేళ్లప్పుడు మా బాపు నన్నూ తమ్ముణ్నీ ఘటం ఊరేగింపు చూపించడానికి కార్వాన్ నుంచి చార్మినార్ దాకా నడిపించుకుని తీసుకొచ్చాడు. పాతబస్తీ బోనాలైన మర్నాడు అమ్మవారి ఘటాన్ని ఏనుగు మీద పెట్టి మూసీ దాకా తీసుకుపోతారు. జనం కిక్కిరిసి ఉన్నారు. ఏనుగు దగ్గరికి రాగానే బాపు వంగి తమ్ముణ్ని భుజాల మీదికి ఎత్తుకున్నాడు. నాతో మాత్రం “చెయ్యి ఇడవకు బిడ్డా” అన్నాడు.

పెద్దవాళ్ల నడుముల సందులోంచి నాకు కనిపించినవి నాలుగు కాళ్లు, ఒక గొలుసు. వెనక కాలికి కట్టిన గొలుసు రోడ్డు మీద రాసుకుంటూ పోయింది. ఆ చప్పుడు ఇప్పటికీ చెవిలో ఉంది. ఇంటికొచ్చాక తమ్ముడు తొండం ఎట్లా ఊపిందో, చెవులు ఎట్లా విసిరిందో వారం రోజులపాటు చేసి చూపించాడు. వాడు నాకంటే రెండేళ్లే చిన్న. బాపుకు రెండు భుజాలున్నాయి. ఈ మాట ఆయన బతికున్నన్నాళ్లూ అంటూనే వచ్చాను. “నువ్వు బరువుంటివి బిడ్డా” అని నవ్వేవాడు. నేను నవ్వలేదు.

ఆ తర్వాత ఏనుగుల్ని చూడకపోలేదు. మొఘల్‌పురాలో కోడలిగా అడుగుపెట్టాక జూపార్కుకు ఎన్నిసార్లు వెళ్లానో. అక్కడ కందకం అవతల ఏనుగు నిలబడ్డచోటే నిలబడి అటూ ఇటూ ఊగుతుండేది. గొలుసో గుంతో లేకుండా, తనకు ఎటు బుద్ధిపుడితే అటు నడిచిపోయే ఏనుగును ఒక్కసారైనా చూడాలన్నది నా కోరిక. పైకి చెబితే నవ్వుతారని చాలా ఏళ్లు ఎవరికీ చెప్పలేదు.

మొదట చెప్పింది ఆఫీసులో నా జతగత్తెకు. నేను ప్రభుత్వ ప్రెస్సులో ప్రూఫ్‌రీడర్‌ని. మా పని ఇద్దరిది. ఒకరు మూలప్రతిని గొంతెత్తి చదవాలి, కామాలూ ఫుల్‌స్టాపులతో సహా. రెండోవాళ్లు ప్రూఫు దిద్దాలి. నాకు చదివేది జల్‌పల్లి నుంచి రెండు బస్సులు మారి వచ్చే క్రిస్టియన్ అమ్మాయి. అమ్మాయి అంటున్నాను గానీ ఆమెకూ నలభై ఏడేళ్లు. ఒక మధ్యాహ్నం టిఫిన్ డబ్బాలు తెరిచి కూర్చున్నప్పుడు ఫోనులో ఒక వీడియో చూపించింది. మనకు వానలు పడే నెలల్లో శ్రీలంకలో ఎండలట. చెరువు నీళ్లు వెనక్కి తగ్గితే, బయటపడ్డ నేల మీద పచ్చగడ్డి మొలుస్తుందట. దానికోసం చుట్టుపక్కల అడవుల్లోని ఏనుగులన్నీ అక్కడికి చేరతాయట. తల్లులు, పిల్లలు, ముసలివి. నేను అన్నం కలుపుతున్న చెయ్యి అట్లాగే ఉండిపోయింది.

“పోదామా అక్కా?” అంది.

“పోదాం” అన్నాను. ఆలోచించి అన్నమాట కాదు.

ఆ రోజునుంచి మూడు నెలలు మా మధ్యాహ్నాలన్నీ ఆ ప్రయాణానివే. పనికిరాని ప్రూఫు కాగితాల వెనకవైపు తెల్లగా ఉంటుంది కదా, దానిమీద రాసుకునేవాళ్లం. ఆమె అలవాటు కొద్దీ గొంతెత్తి చదివేది, నేను దిద్దేదాన్ని. “శనివారం పొద్దుగాల విమానం, కామా, కొలంబో, కామా, ఆడికెల్లి వ్యాను, ఫుల్‌స్టాప్. ఆదివారం పొద్దున సిగిరియా కొండ, కామా, సాయంత్రం మిన్నేరియా చెరువుకాడ ఏనుగులు, ఫుల్‌స్టాప్. సోమారం క్యాండీల దంతాల గుడి.”

“దంతాలు కాదు. ఒకటే దంతం. బుద్ధుడిది.”

“ఒక్క దంతానికి గంత పెద్ద గుడా!”

ఆమెకు చిరుతపులిని చూడాలని ఉండేది. చిరుతలున్న అడవి దక్షిణాన, ఏనుగుల చెరువు ఉత్తరాన. నాలుగైదు రోజుల్లో రెండూ కుదరవు. ఒక వారమంతా దానిమీద వాదించుకున్నాం. చివరికి ఆమే కాగితం మీద చిరుతను కొట్టేసింది. “పోనీ తియ్యక్కా. చిరుత కనపడ్తదో లేదో. నీ ఏనుగులైతే పక్కా.”

పాస్‌పోర్టు కోసం వెళ్తే కిటికీ వెనక కూర్చున్నతను కాగితాలు తిరగేస్తూ “కొడుకు దగ్గరికా అమ్మా?” అన్నాడు. నా వయసు ఆడది దేశం దాటాలంటే ఎవరో ఒకరికి వండిపెట్టడానికే అని అతని లెక్క. “కాదు, ఏనుగుల దగ్గరికి” అన్నాను. అతను మళ్లీ తలెత్తలేదు. ఇంట్లో మా ఆయన మాట ఇంకోరకం. “లంకకు పోయినోడు ఊకె రాలే, తగలవెట్టి వచ్చిండు. నువ్వు పోతున్నవంటే ఆ దేశం మీద నాకు ఫికరైతున్నది” అన్నాడు. ఇంటికొచ్చిన ప్రతివాడికీ ఆ జోకు చెప్పాడు. పదకొండుసార్లు విన్నాను.

తేదీలు ఆమె పెట్టింది. ఆషాఢం ఆఖరు ఆదివారం పాతబస్తీ బోనాలు, మర్నాడు సోమవారం సర్కారు సెలవు. ఆ సెలవు కలుపుకుంటే చాలా కలిసొస్తుంది. తేదీ రాశాక ఆమెకే అనుమానమొచ్చింది. “అక్కా, పండుగ గదా. ఇంట్ల లొల్లి గాదా?”

“లొల్లెందుకైతది? నేను లేకుంటే చెంబు పట్టేటోళ్లు దొరకరా?” అన్నాను.

ఆ చెంబు సంగతి చెప్పాలి. మా ఇంటి బోనం కుండను పెద్దకోడలు తల మీద ఎత్తుకుంటుంది. రెండో కోడలు సాక చెంబు పట్టుకుని, అంటే పసుపు కలిపి వేపాకు వేసిన నీళ్ల చెంబు పట్టుకుని, వెనక నడుస్తుంది. పద్ధతి అది, దానిమీద నాకు ఫిర్యాదు లేదు. నా ఫిర్యాదు పెళ్లైన మొదటి ఏడు గురించి. అప్పుడు మా తోటికోడలు పురిట్లో ఉంది. పద్ధతి ప్రకారం బోనం నాకు రావాలి. కొత్త చీర కట్టుకుని, తల దువ్వుకుని సిద్ధంగా నిలబడ్డాను. మా అత్త నన్ను దాటి నడిచి, ఉప్పుగూడ నుంచి పండక్కి వచ్చిన మా ఆడబిడ్డ తల మీద కుండ పెట్టింది. “కొత్త పిల్ల. చేతులు వణుకుతయ్, పడేస్తది” అంది. అందరూ విన్నారు. నా చేతికి చెంబు ఇచ్చారు.

ఆ వారంలో నేను ఒక పచ్చడి జాడీ పగలగొట్టిన మాట నిజమే. కానీ జాడీ వేరు, బోనం వేరు.

ఇరవై తొమ్మిదేళ్లు ఆ చెంబు పట్టుకుని నడిచాను. అందుకే ఆ తేదీలు నాకు నచ్చాయి. ఒక్క ఏడు వెనక్కి తిరిగి చూస్తే నేను ఉండకూడదు. అప్పుడు తెలుస్తుంది.

పండుగ ఇంకా మూడు వారాలుంది, ఆ శుక్రవారం టికెట్లు తీయాలి అనగా, మా తోటికోడలు బాత్రూంలో జారిపడింది. కుడి మణికట్టు విరిగి పిండికట్టు వేశారు. ఆమె కింది వాటాలో ఉంటుంది, మేము పైన. బుధవారం సాయంత్రం కట్టు చేతిని గుండెకు ఆనించుకుని మెట్లెక్కి వచ్చింది.

“చెల్లె, ఈసారి బోనం నువ్వెత్తుకోవాలె.”

ఇరవై తొమ్మిదేళ్లుగా ఈ మాటకు జవాబులు తయారుచేసుకుని పెట్టుకున్నాను. తీరా ఇప్పుడు “నేనా?” అన్నాను.

“మరి ఇంకెవరున్నరు?”

అదీ మాట. నీ హక్కు చెల్లె అనలేదు, ఆనాడు తప్పు జరిగిందనలేదు. ఇంకెవరున్నరు!

“నేను ఊర్ల ఉండ. శ్రీలంకకు పోతున్న.”

“ఏడికి?”

“శ్రీలంక. ఏనుగుల్ని చూసేతందుకు.”

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. “ఏనుగు సోమారం నాడు మన గల్లీ మొగదలకే వస్తది గదనే.”

“గొలుసు లేని ఏనుగు.”

ఆమెకు అర్థం కాలేదు. అర్థం కావాలని కూడా అనుకున్నట్టు లేదు. “సరే తియ్యి, పోయిరా. ఉప్పుగూడ వదినెను పిలుస్త, ఆమె ఎత్తుకుంటది” అని ఎడమచెయ్యి గోడకు ఆనిస్తూ మెట్లు దిగిపోయింది.

నేను వంటింట్లోకి వెళ్లి చాలాసేపు నిలబడ్డాను. ఒకపక్క పచ్చటి నేల మీద ఏనుగులు. ఒకపక్క ఆ ఆడబిడ్డ తల మీద రెండోసారి కుండ. నా మనసు ఏనుగుల దగ్గరే ఉంది, ఆ మాటలో అబద్ధం లేదు. కానీ ఆ రెండో బొమ్మ కళ్లముందునుంచి పోలేదు. మెట్లు దిగి వెళ్లి “వదినెను పిలువకు. నేను ఎత్తుకుంట” అని చెప్పాను. మా తోటికోడలు టీవీ మీదినుంచి చూపు తిప్పకుండా “మంచిది” అంది.

మర్నాడు ఆఫీసులో చెబితే జతగత్తె డబ్బా మూత పెట్టేసింది.

“అక్కా, గామె ఎత్తుకుంటే ఎత్తుకోనీ. ఏనుగులక్కా! మనం మూడు నెలల సంది…”

“నాకు రావలసిన బోనం రెండోసారి ఆమె నెత్తి మీదికి పోనియ్య.”

“గది బోనమా, ఎలక్షన్ సీటా?”

నాకు నవ్వు రాలేదు. మా ప్రయాణం కాగితం తీసి నా పేరు ఎర్రపెన్నుతో కొట్టేశాను. ఆమె నా చేతిలో పెన్ను లాక్కుని, కొట్టేసిన పేరు కింద వరసగా చుక్కలు పెట్టింది. మా ప్రూఫుల్లో ఆ గుర్తుకు అర్థం, కొట్టేయడం పొరపాటు, మాటను అట్లాగే ఉంచండి అని. పెట్టి, “వచ్చే ఏడు” అంది. ఆమె తన మేనకోడలిని తోడు తీసుకుని వెళ్లింది. నేను లేను కాబట్టి దక్షిణానికి పోయి చిరుతను చూసుకోవచ్చు. కానీ కాగితం మార్చలేదు.

బోనాల నాడు కుండ నా తల మీదికి వచ్చింది. నేను అనుకున్నదానికంటే బరువు. పైన దీపం వెలుగుతుంటే మెడ కదపకూడదు, తల వంచకూడదు. తల మీద బోనం ఉన్న మనిషికి కాళ్లకింద ఏముందో కనబడదని నాకు అప్పుడే తెలిసింది. వెనకనుంచి మా తోటికోడలు, ఎడమచేత్తో సాక చెంబు పట్టుకుని చెబుతూ వచ్చింది. “చెల్లె, గుంత. ఎడమకు జరుగు. ఆఁ, ఇగ నడువు.” ఇన్నేళ్లూ ఆ మాటలు నేను అనేదాన్ని. అక్కా, గుంత. అక్కా, మ్యాన్‌హోల్ మూత లేసి ఉన్నది. ఆమె ఒక్కసారీ తడబడలేదు. నేనూ తడబడలేదు.

ఉప్పుగూడ ఆడబిడ్డ గుడి మెట్ల దగ్గర నిలబడి ఉంది. “ఏం మరదలా, చేతులు వణుకుతలేవు గదా?” అంది.

“అప్పుడు గూడ వణుకలే వదినె” అన్నాను, తల కదపకుండా.

ఆమె నవ్వేసింది. గుర్తుందో లేదో. మర్చిపోయేవాళ్లకు నవ్వడం తేలిక.

కుండ దించాక మెడ రెండు రోజులు నొప్పి పెట్టింది. ఇరవై తొమ్మిదేళ్లు కోరుకున్నది దొరికితే ఎట్లా ఉంటుందని ఎవరైనా అడిగితే, బాగుంటుంది, కొంచెం బరువుంటుంది అని చెబుతాను. సాయంత్రం నాలుగయ్యేసరికి నా చూపు గోడగడియారం మీదికి పోయింది. కాగితం ప్రకారం వాళ్లు ఈపాటికి చెరువు దగ్గర ఉండాలి.

సోమవారం ఘటం వచ్చింది. నేను కిరాణా కొట్టు అరుగెక్కి ఏనుగును పైనుంచి కిందిదాకా చూశాను. నుదుటిమీద రంగుల ముగ్గు, కంటికింద తడిచార, చివర చిరిగిన చెవి. ఏడేళ్లప్పుడు చూడనివన్నీ చూశాను. కింద కాళ్ల దగ్గర గొలుసు ఉంది. అదే చప్పుడు.

ఇంటికొచ్చి గడపలో కూర్చునేసరికి ఫోనులో వీడియో వచ్చి ఉంది. మా తోటికోడలు పక్కన వచ్చి కూర్చుంది. చెయ్యి వణుకుతూ తీసిన వీడియో. జీపులోంచి “అక్కా, చూడు, నీ ఏనుగులు” అని జతగత్తె గుసగుస. వీళ్లు వెళ్లేసరికి మంద అడవి అంచుకు జరిగిపోయిందట. పొడుగ్గడ్డిలో, దూరంగా, ముప్పై దాకా ఉన్నాయి. వీపులు, చెవులు, తొండాలు. తొందర లేకుండా ఒకదాని వెనక ఒకటి వెళ్తున్నాయి. చిన్నది ఒకటి ఆగి, వెనక్కి తిరిగి, మళ్లీ కదిలింది. దాన్ని ఎవరూ తోలలేదు.

“గిన్ని ఏనుగులా!” అంది మా తోటికోడలు. “వాటిని పట్టుకున్నోడు ఏడి?”

“ఎవ్వడు లేడు.”

“గొలుసులో?”

“లేవు.”

ఆమె ఫోను దగ్గరికి వంగి చూసింది. “కాళ్లు కనపడ్తలేవు గదనే, గడ్డిల. ఉన్నయేమో, నీకెట్ల తెలుసు?”

“అడవి ఏనుగులక్కా. గొలుసులు ఎందుకుంటయ్?”

“ఏమో. నువ్వే పోయి చూసిరా.” కట్టు చేతిని ఒడిలో సర్దుకుంది. “వచ్చే ఏటికి నా చెయ్యి బాగైతది. బోనం నేను ఎత్తుకుంట. చెంబు ఎవరో ఒకరు పడ్తరు తియ్యి.”

నన్ను పంపిస్తోందో, బోనం వెనక్కి లాక్కుంటోందో నాకు ఇప్పటికీ తేలలేదు. ఆ మాట అంటున్నప్పుడు మళ్లీ ఏనుగుల్నే చూస్తోంది.

పైకెళ్లి ఆ వీడియో మళ్లీ పెట్టాను. ఆ తర్వాత కూడా చాలాసార్లు చూశాను. నలభై సెకన్లుంటుంది. గొలుసులు లేవని నాకు తెలుసు. అయినా కాళ్లు చూడాలి. మధ్యలో ఒకచోట గాలి వీస్తుంది, గడ్డి వంగుతుంది. ఇంకొంచెం వంగితే చాలు, ఆ చిన్నదాని కాళ్లు కనబడతాయి. ప్రతిసారీ అక్కడ ఫోను దగ్గరికి పెట్టుకుని చూస్తాను. వంగదు.