చైనాయన అడిగిన ఇంటిపేరు

మొదటి షిఫ్టుకు బయలుదేరే ముందు ఫోను చూసుకోవడం గోదావరిఖనిలో అందరికీ ఉన్న జబ్బే. నా ఫోనులో మాత్రం ఈ మధ్య రోజూ చైనాలోనే తెల్లవారుతోంది. మా బావి వాట్సాప్ గ్రూపులో, బావి అంటే మాకు గని, పనిలో ఉన్నవాళ్లకూ రిటైరైనవాళ్లకూ ఒకటే వాదన. చైనాలో కులం ఉందా, లేదా?

మొదలుపెట్టింది మా ఫిట్టరు పిల్లగాడు. ఎవరిదో వీడియో పంపి కింద రాశాడు: "సూడుండ్రి. ఆల్లకు కులం లేదు, గందుకే మెషిన్లు ఆల్లు చేస్తరు, మనం మోస్తం."

దానికి రిటైరైన క్లర్కు సారు, మంథని మనిషి, పేరాలకు పేరాలు జవాబిచ్చాడు. అక్కడ పల్లెలో పుట్టినవాడు పట్నంలో ఎన్నేళ్లు పనిచేసినా కాగితం మీద పల్లెవాడేనట, పిల్లల బడి దగ్గర కూడా తేడాయేనట. "ఎక్కువ తక్కువలు ఎక్కడైనా ఉంటాయి. మన దగ్గరే పుట్టినట్టు మాట్లాడకండి."

"మరి గాడ మనిషిని ముట్టుకుంటే తానం చేస్తరా సారూ?"

"ఇక్కడ మాత్రం ఇప్పుడెవరు చేస్తున్నారయ్యా?"

ఇద్దరూ చైనా చూడలేదు. బొటనవేలు పెట్టేవాళ్లు ఇద్దరికీ పెడుతున్నారు. ఒకరోజు వాదన మర్నాడు మళ్లీ మొదటి నుంచి. చదివేసరికి, బావిలో దిగకముందే షిఫ్టు చేసి ఎక్కినంత అలసట.

చివరికి వాళ్లకు సాక్షి కావలసి వచ్చింది. ఆ సాక్షిని నేను.

చాలా ఏళ్ల కింద మా బావికి చైనా నుంచి ఒక మెషిను వచ్చింది. దాన్ని బిగించడానికి ఒక చైనాయన వచ్చాడు. ఆయన వెంట పానాలు, అంటే స్పానర్లు, మోయడానికి నన్నూ మా బావనూ వేశారు. ఆ చైనాయన మీద నేను అల్లిన కథలతో ఎన్ని షిఫ్టులు గడిచాయో చెప్పలేను. ఆయన బొగ్గుపెళ్లను వాసన చూసి ఎంత లోతుదో చెప్పేవాడని చెప్పాను, నమ్మారు. నిలబడి నిద్రపోతూనే బోల్టు బిగించేవాడని చెప్పాను, నమ్మారు. మే నెల ఎండలో ఫ్లాస్కులోంచి కాగే నీళ్లు తాగేవాడని చెప్పాను. అది నిజం. అదొక్కటే ఎవరూ నమ్మలేదు.

మా బావ అంటే చుట్టం కాదు. మా ఇద్దరి కులాల మధ్య చుట్టరికం కలవదు. నాది ఊరి లోపలి ఇంటిపేరు, ఆయనది ఊరి బయటి వాడలో ఇంటిపేరు. ఒకేసారి పనిలో చేరాం, ఒకే గ్యాంగులో పెరిగాం, ఎప్పుడు మొదలైందో గాని ఒకరికొకరం బావలమయ్యాం. బొగ్గు బావుల్లో ఇలాంటి బావలు చాలామంది. పైకి వచ్చాక కూడా మిగిలేవాళ్లు తక్కువ.

చైనాయన వచ్చిన మొదటి రోజు ల్యాంపు రూము ముందు నిలబడ్డాం. ఆయన నా వైపు కొద్దిగా వంగి ఏదో అడిగాడు. వెంట ఉన్న ఉత్తరాది పిల్లవాడు హిందీలోకి తిప్పాడు. మీ ఇంటిపేరేమిటి అని.

మా దగ్గర ఆ ప్రశ్న పేరు కోసం కాదు. కులమేదని నోరు తెరిచి అడగలేనివాళ్లు అడిగే మాట అది. ఇంత దూరం నుంచి వచ్చి ఇతను కూడా ఇదే అడుగుతున్నాడేమిటని నాకు నవ్వొచ్చింది. నాది చెప్పాను. చైనాయన బావ వైపు తిరిగాడు. బావ మెడ మీద చెమట జారడం నేను చూశాను. ఆయన నా ఇంటిపేరే చెప్పాడు.

"దోనోఁ భాయీ హై క్యా?" అన్నాడు పిల్లవాడు.

"హా సాబ్, భాయీ," అన్నాను నేను.

తర్వాత పానాలు ఎత్తుకుంటూ బావ చెవిలో అన్నాను: "బావా, ఇగ మనం బావలం గాదు. పాలోల్లం, ఒక్క ఇంటిపేరోల్లం."

"ఊకో," అన్నాడు. నవ్వలేదు.

మెషిను బిగించినన్నాళ్లూ చైనాయన ఆ ఒక్క పేరు పెట్టి అరిచేవాడు, ఇద్దరం తిరిగి చూసేవాళ్లం. ఇంత మంచి కథ నా దగ్గర ఇంకోటి లేదు. ఎప్పుడూ ఎవరికీ చెప్పలేదు.

మొన్న క్లర్కు సారు ఎక్కడో చదివి గ్రూపులో పెట్టాడు. చైనావాళ్లు కొత్త మనిషి కనబడితే మర్యాదగా ముందు ఇంటిపేరే అడుగుతారట, మనం తిన్నావా అన్నట్టు. కింద నన్ను పట్టుకున్నాడు. "చూశారా? వాళ్లకూ ఇంటిపేరే ముందు. చైనావాడితో తిరిగిన మనిషి మన గ్రూపులోనే ఉన్నాడు. అడిగాడా లేదా, నువ్వే చెప్పు."

"చెప్పు కాకా," అన్నాడు ఫిట్టరు. "గీ ఒక్కసారన్న కోతలు కొయ్యకు."

జరిగింది రాస్తే, నేను పేరు పెట్టకపోయినా, ఆ రోజు నా పక్కన నిలబడింది బావ ఒక్కడేనని అందరికీ తెలుసు. బావ ఈ వాదనలో ఒక్క ముక్క రాయలేదు. అన్నీ చదువుతున్నాడని మాత్రం నాకు తెలుసు.

షిఫ్టు దిగాక షేర్ ఆటో కోసం నిలబడ్డప్పుడు బావే ఆ మాట ఎత్తాడు.

"ఏం రాస్తవు?"

"ఏం రాయ."

"నువ్వా? రాయకుంటె నీకు కడుపుబ్బుతది గదనే."

"ఉబ్బనీ బావా."

బావ ఆటో కోసం రోడ్డు మీదికి తొంగి చూశాడు. "మర్యాదకు అడిగిండట. నాకు గిప్పుడు తెలిసింది. గప్పుడైతే చెమటలు వట్టినయ్." ఆటో వచ్చింది. ఎక్కాం.

డ్రైవరు కుర్రాడు కలుపుగోలు మనిషి. "ఏ బావి కాకా? ఏ ఊరు కాకా?" అంటూ వస్తున్నాడు. గోదావరి అవతల జైపూర్ దగ్గర అని నేను చెప్పగానే అద్దంలోంచి నన్ను చూశాడు. "మాది సుత గాదిక్కే. మీ ఇంటిపేరేంది కాకా?"

నాకేం బుద్ధి పుట్టిందో, బావ ఇంటిపేరు చెప్పాను.

"ఓ," అన్నాడు. అంతే. అద్దం సర్దుకున్నాడు, పాట సౌండు పెంచాడు. చౌరస్తా దాకా ఇంకో "కాకా" వినబడలేదు. నేనేదో ఘనకార్యం చేసినట్టు బావ వైపు చూశాను. దిగాక ఆయన తన టిఫిన్ డబ్బా చంకలో సర్దుకుంటూ అన్నాడు:

"మంచిగనే చెప్పినవ్ బావా. నీకేంది, ఆటో దిగంగనే నీది నీకొచ్చె."

ఆయన రోడ్డు దాటేదాకా చూస్తూ నిలబడ్డాను. ఫోను మోగుతూనే ఉంది. తీసి గ్రూపులో రాశాను: "చైనాయన మమ్మల్ని ఏం అడగలేదు."

నేను జీవితంలో చెప్పిన అతి చిన్న అబద్ధం అదే. ఎవరూ నమ్మలేదు. విషయం దాస్తున్నావని క్లర్కు సారు, సారు దగ్గర జడుసుకున్నావని ఫిట్టరు, ఇద్దరూ మొదటిసారి ఒక్కటై నన్ను తిట్టారు. సాయంత్రానికి నన్ను వదిలేసి మళ్లీ చైనాకు పోయారు.

మర్నాడు మస్టర్, అంటే హాజరు, పడే చోట బావ నా పక్కకు వచ్చి నిలబడ్డాడు.

"కడుపుబ్బిందా?"

"ఉబ్బింది."

"గ్రూపుల వద్దు. ఏదన్న పుస్తకంల రాస్కో. పుస్తకాలు మనోల్లెవ్వరు సదువుతరు?" బత్తి టోపీకి తగిలించుకుంటూ రెండడుగులు ముందుకు పోయి ఆగాడు. "ఇంటిపేర్లు మాత్రం రాయకు. నాదొక్కటే గాదు, నీది సుత."