కణేకల్ కాలువలో నా సముద్ర ప్రమాదం

ఆ రోజుల్లో మా ఉరవకొండ వైపు కుర్రాళ్లకు నీళ్లంటే భయం ఉండేది కాదు. భయపడాలంటే ముందు నీళ్లు కనబడాలి కదా. ట్యాంకరు వచ్చేలోగా బిందెలు వరుసలో పెట్టి, మన బిందెను ఎవరూ వెనక్కి జరపకుండా కాపలా కాయడం, అంతవరకే మాకు తెలిసిన జలవిద్య. అలాంటి ఊళ్లో పుట్టిన నాకు, రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో, ఓడలో వంటవాడిగా చేరే అవకాశం వచ్చింది. డిగ్రీ తప్పి అనంతపురంలో ఒక హోటల్లో దోసెలు పోస్తుండగా, రోజూ టిఫినుకు వచ్చే పెద్దాయన ఒకరు నా చేతివేగం చూసి ముచ్చటపడి దారి చూపించాడు. చాలాకాలం ఓడల్లో పనిచేసి వచ్చిన మనిషి. హోటల్లో అందరం ఆయన్ను కెప్టెన్ సార్ అనేవాళ్లం. (ఓడలో ఆయన సామాన్ల గది చూసుకునేవాడని తర్వాత తెలిసింది. అయినా అనంతపురానికి ఆయనే కెప్టెన్.)

చిక్కల్లా ఒక్కటే. ముందు చెన్నైలో శిక్షణ తీసుకోవాలి, నీళ్లలో పడినా ప్రాణం నిలుపుకోగలనని అక్కడ చేసి చూపించాలి. నేనా, అప్పటిదాకా మోకాలు దాటిన నీళ్లలో దిగినవాణ్ణి కాదు. కెప్టెన్ సార్ సాయంత్రాలు తన మిద్దె మీద కూర్చోబెట్టి పాఠం చెప్పాడు. "సముద్రంలో మనుషుల్ని చంపేది నీళ్లు కాదు, కంగారు. కాళ్లూ చేతులూ కొట్టుకోవద్దు. వెల్లకిలా తేలు. అరిచి ఓపిక పోగొట్టుకోవద్దు. ఈల ఊదు. ఎవరో ఒకరు వచ్చేదాకా ప్రశాంతంగా ఉండు." అంతా బట్టీ పట్టాను. (డిగ్రీ కూడా ఇలాగే చదివి ఉంటే దోసెల జోలికి పోయేవాణ్ణే కాదు.) ఊరికి పోయినప్పుడు ఎద్దుల మేతకు పేర్చిన శెనక్కట్టె వామి ఎక్కి, ఒక చేత్తో ముక్కు మూసుకుని, ఇంకో చెయ్యి ఎదకు అడ్డం పెట్టుకుని, ఓడ మీది నుంచి దూకినట్టు నిటారుగా దూకడం మొదలుపెట్టాను. అమ్మ బిత్తరపోయి, "ఏమైందిరా నీకి? గాలి సోకినాదా?" అంది. నాయన మాత్రం తాపీగా, "దూకితే దూకినావు గానీ కట్టె సెదరగొట్టొద్దు, ఎద్దులు తినాల" అన్నాడు.

ఎంత దూకినా గడ్డిలో తేలడం రాదు కాబట్టి కణేకల్‌లో మా మేనమామ దగ్గరికి పోయాను. వాళ్లకు పెద్దకాలువ ఉంది, అప్పుడే నీళ్లు వదిలారు. మామ ఖాళీ నూనె క్యాన్లు రెండు తెచ్చి, ఒకటి నా ఎదకూ ఒకటి వీపుకూ కట్టాడు. నడుముకు ఎద్దుల పగ్గం బిగించి, రెండో కొస తన చేతికి చుట్టుకుని గట్టుమీద కూర్చున్నాడు. "నేనుండా గదా అల్లుడా, దూకు" అన్నాడు. దూకాను. తేలాను! ఆకాశం నీలంగా, నీళ్లు చల్లగా, ఓడ ఉద్యోగం చేతికందినట్టే ఉంది.

సరిగ్గా అప్పుడే మామకు కాబోయే వియ్యంకుడు గట్టుమీద టీవీఎస్ బండిలో వచ్చాడు. మామ కూతురి సంబంధం ఇంకా ఖాయం కాలేదు. అలాంటి మనిషికి ఒంటిచేత్తో నమస్కారం పెడితే ఏం బాగుంటుంది? మామ గబుక్కున లేచి, చేతికి చుట్టుకున్న పగ్గం విప్పేసి, రెండు చేతులూ జోడించాడు. పగ్గంతోపాటు నేను కూడా సాగిపోయాను.

మామ, బండి, అన్నీ వెనకపడిపోయాయి. అయినా పాఠం గుర్తుంది కదా, వెల్లకిలా పడుకుని ప్రశాంతంగా ముఖం పెట్టాను. కాలువ పక్క మడిలో నాట్లు వేస్తున్న ఆడవాళ్లు తలెత్తి చూశారు. "సల్లగుండాదేమప్పా?" అని అడిగింది ఒకామె. నేను తలూపాను. వాళ్లు నవ్వుకుని మళ్లీ నాట్లకు వంగారు. ఇంకాస్త ముందుకు పోతే గట్టుమీద గొర్రెలు తోలుకుపోతున్న పెద్దాయన కనబడ్డాడు. కెప్టెన్ సార్ ఇచ్చిన ఈల మెడలోనే ఉంది, తీసి ఊదాను. గొర్రెలు బెదిరి నాలుగు దిక్కులా పరుగెత్తాయి.

"ఏమప్పా, బుద్ధి లేదా? ఈల ఊదల్లంటే ఇంటికి పోయి ఊదుకో!" అని కేకలేశాడాయన.

గట్టు పట్టుకుందామంటే సిమెంటు పాచిపట్టి జారిపోతోంది. అంతలో ముందునుంచి హోరు వినబడింది. మెడ తిప్పి చూస్తే కాలువ గేట్లు. నీళ్లు వాటి కిందికి దూరి తెల్లగా నురగలు కక్కుతున్నాయి. కెప్టెన్ సారూ లేదు, పాఠమూ లేదు. "అమ్మా, సస్తి! నన్ను తీయండప్పా! నాకు ఈత రాదు!" అని నా జన్మలో అంతకుముందు ఎన్నడూ అరవనంత గట్టిగా అరిచాను.

పెద్దాయన గొర్రెల్ని వదిలేసి పరుగెత్తుకొచ్చాడు. భుజం మీది గొంగడి తీసి, ఒక కొస గట్టిగా పట్టుకుని నీళ్లలోకి విసిరాడు. రెండో కొసను చేతులతో, పళ్లతో, దేనితో వీలైతే దానితో పట్టుకున్నాను. నాట్లవాళ్లు కూడా వచ్చి తలా ఒక చెయ్యి వేసి లాగారు. మోకాళ్లు గీరుకుపోయి గట్టెక్కాక, ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "అంతసేపు ఏమీ సెప్పకుండా ఎందుకు పండుకుంటివి?"

"కంగారు పడొద్దని చెప్పినారు, తాతా."

"నువ్వు కంగారు పడకుంటే మాకెట్ల తెలస్తాదప్పా?" అన్నాడాయన.

ఇంతలో వియ్యంకుడి బండి వెనక కూర్చుని మామ వచ్చాడు. దిగీ దిగకముందే నా చెంప మీద ఒకటి వేసి, అదే చేత్తో కౌగిలించుకుని, "మీ అమ్మకి నేనేం సెప్పల్లరా!" అని భోరుమన్నాడు. వియ్యంకుడు ఆ ఏడుపు చూసి, "మేనల్లునికే ఇంత ఏడ్సేటోడు బిడ్డనిస్తాడంటే ఇంకేం కావల్ల" అని సంబంధం అక్కడే ఖాయం చేసేశాడు. (ఆ పెళ్లిలో నాకు కొత్త బట్టలు పెట్టారు. న్యాయమే కదా.)

తర్వాత చెన్నై శిక్షణా గట్టెక్కింది, ఓడల్లో చాలా ఏళ్లు వంటా చేశాను. సముద్రం నన్ను ఒక్కసారీ ఇబ్బంది పెట్టలేదు. ఇప్పుడు అనంతపురంలోనే ఉంటున్నాను, వయసు పైబడుతోంది. బాగున్నావా అని ఎవరైనా అడిగితే, ఒంట్లో బాగా లేకపోయినా, మనసులో బాగా లేకపోయినా, బాగున్నానని తలూపేస్తాను. వాళ్లూ నవ్వి తమ పనిలో పడిపోతారు. అలాంటప్పుడు ఆ కుర్రాడు గుర్తొస్తాడు. సిగ్గూ శరం వదిలేసి, నాకు రాదు, నన్ను తీయండి అని కాలువంతా మారుమోగేలా అరిచాడు వాడు. నవ్వొస్తుంది. కొంచెం అసూయ కూడా వేస్తుంది.