అత్త ఎదురొచ్చిన ఆదివారం

నా చిన్నప్పుడు మా ఇంటికి ఒక స్పోర్ట్స్ కారు వచ్చింది, రెండెడ్లు లాగితే. నవ్వకండి, నిజమే చెబుతున్నాను. విశాఖపట్నం నుంచి లారీ మీద వేసుకొచ్చి ఎచ్చెర్ల దగ్గర పెద్దరోడ్డు మీద దింపితే, అక్కణ్ణించి మా ఊరిదాకా మా తాతయ్య దానికి మోకులు కట్టి ఎడ్ల చేత లాగించాడు. ముదురాకుపచ్చ రంగు, రెండే సీట్లు, సైకిలుకున్నట్టు చువ్వల చక్రాలు, పైన గుడ్డ టాపు. ఊళ్ళో పిల్లలందరం కేరింతలు కొడుతూ దాని వెంట పరిగెత్తాం. వెనకాల గూడుబండిలో మా అత్త వస్తోందని చూశాక మాత్రం అందరం నోళ్ళు మూసుకున్నాం.

అత్త అంటే మా నాన్నకి చెల్లెలు. ఆవిడ భర్త, మా మావయ్య, విశాఖ ఓడరేవులో పనిచేసేవాడు. ఎవరో దొర తన దేశం వెళ్ళిపోతూ అమ్మేస్తే ఆ కారు కొన్నాడు. కొన్ననాటికే అది పాతది. ఆదివారం వచ్చిందంటే మొగుడూ పెళ్ళాలిద్దరూ దాని మూత ఎత్తుకుని కూర్చునేవారట. పిల్లలు లేరు, ఆ కారే వాళ్ళ ముద్దూ మురిపెమూ. మావయ్య అత్తకి మరమ్మతూ నేర్పాడు, తోలడమూ నేర్పాడు. కొంగు బిగించి అత్త సముద్రపు ఒడ్డున కారు తోలుతుంటే జనం ఆగి మరీ చూసేవారని మా నాన్న చెప్పేవాడు. అంతలో మావయ్యకి కామెర్లు వచ్చాయి. నెల తిరక్కుండా పోయాడు.

మా ఇంటికొచ్చిన అత్త నేనెరిగిన అత్త కాదు. ఇదివరకు ఆవిడ నవ్వితే వీధి చివరికి వినబడేది. ఇప్పుడు వెనక గదిలో గోడవైపు తిరిగి కూర్చునేది. ఏడాది గడప దాటకూడదన్నారు, సరే. ఏడాది తిరిగినా దాటలేదు. పొద్దున్నే ఎవరైనా ఊరెళ్తుంటే తన అడుగుల చప్పుడు కూడా వాళ్ళకి తగలకూడదన్నట్టు కదలకుండా ఉండేది. ఎదురొస్తే అపశకునం కదా! ఆ మాట మా ఇంట్లో ఎవరూ ఆవిడతో అనలేదు. అనక్కర్లేదు కూడా, పుట్టినప్పటి నుంచీ అందరం విన్నదే. తిండి తగ్గిపోయింది, మాట కరువైంది. ఈ పిల్ల మనకి దక్కదేమోనని మా మామ్మ వంటింట్లో ఏడ్చేది. నాకు అత్తంటే ప్రాణం. మామ్మ పక్కన కూర్చుని నేనూ ఏడ్చేదాన్ని.

కారు సావిడిలో ఎడ్ల పక్కన, గడ్డి కింద పడి ఉండేది. ఎలకలు టాపు కొరికేశాయి. ఒక పెట్ట డ్రైవరు సీట్లో గుడ్లు పెట్టి దర్జాగా పొదిగింది. దాన్ని చూసినప్పుడల్లా అల్లుడే కళ్ళముందు కనబడుతున్నాడు, పాత ఇనుము కొనేవాడికి ఇచ్చెయ్యమని మామ్మ పోరు పెట్టింది. తాతయ్య విని విని, వరి కోతల్లోగా దీన్ని నడిపిస్తాను, నడవకపోతే నీ ఇష్టం వచ్చినవాడికి ఇచ్చుకో అన్నాడు.

“బియ్యం మిల్లు తిప్పినోడివి, నీకు కార్ల సంగతి ఏటి తెలుసు?” అంది మామ్మ.

“ఇంజనుకి కులమా, గోత్రమా? దానికీ నూనే కావాల, దీనికీ నూనే కావాల,” అన్నాడు తాతయ్య. ఆయనకి ఊళ్ళో చిన్న బియ్యం మిల్లు ఉండేది. జీవితమంతా ఆ ఇంజనుతో కాపురం చేసిన మనిషి.

అలా మా సావిడి కార్ఖానా అయిపోయింది. ఎడ్లని పెరట్లో చింతచెట్టు కిందకి మార్చారు. తాతయ్య కారుని ముక్కలు ముక్కలుగా విప్పి, విప్పినవన్నీ ధాన్యం చెరిగే చాటల్లో పెట్టాడు. ఈ చాటలో బ్రేకులవి, ఆ చాటలో ఇంజనువి. చాటలన్నీ పట్టుకుపోతే నేను బియ్యం దేంట్లో చెరగాలని మామ్మ రోజుకోసారి రంకె వేసేది. కిరసనాయిలు చేతులు ఎంత తోమినా అన్నంలో అదే వాసన. సీట్లలో ఎలకల గూళ్ళు తీసేసి కొబ్బరి పీచు కూరాం. డ్రైవరు సీటు పని మాత్రం అన్నిటికన్నా చివర, ఎందుకంటే పిల్లలు అయ్యేదాకా పెట్ట దిగనని భీష్మించుకుంది. గూడుబళ్ళకి గుడ్డ కుట్టే ఆయన కొత్త టాపు కుట్టి పెట్టాడు. తుప్పు గీకడం నా వంతు. గీకి గీకి నా గోళ్ళు ఇటుక రంగుకి తిరిగాయి.

చివరికి ఒక రోజు ఇంజను అంటుకుంది. అంటుకుంది గానీ, ఉబ్బసం మనిషిలా రొప్పడం మొదలెట్టింది. ఆ కారుకి గాలీ పెట్రోలూ కలిపి ఇంజనుకి అందించే కార్బురేటర్లు రెండున్నాయి, ముందొకటి, వెనకొకటి. రెండూ సమానంగా పీల్చాలి. సన్నటి రబ్బరు గొట్టం ఒక కొస చెవిలో పెట్టుకుని, రెండో కొస వాటి నోటి దగ్గర పెట్టి, ఆ బుస విని, స్క్రూ తిప్పి సరిచెయ్యాలి. తాతయ్యకేమో మిల్లు చప్పుడులో బతికి బతికి కుడి చెవి మొద్దుబారింది. రోజూ పొద్దున్నే ఇంజను పెట్టడం, అది రొప్పడం, ఈయన దాన్ని తిట్టడం. సావిడికి ఎదురుగానే అత్త గది కిటికీ ఉండేది.

నాలుగైదు రోజులు ఈ భాగోతం నడిచాక, ఒక పొద్దున ఆ కిటికీలోంచి గొంతు వినబడింది.

“ఎనకది ఎక్కువ పీలుస్తంది, నాన్నా.”

నా చేతిలో గరుకు కాగితం జారిపోయింది. ఎన్నో నెలల తరవాత అత్త తనంతట తాను అన్న మాట అది. తాతయ్య తల కూడా ఎత్తలేదు.

“ఏటీ? ఇనబడ్నేదు!” అని అరిచాడు.

అత్త కొంచెం గట్టిగా చెప్పింది. మళ్ళీ వినబడలేదు. వెనకది వదలమంటే ముందుది బిగించాడు. “అది కాదు, అది కాదు!” అంటూ అత్త కిటికీ ఊచలు పట్టుకుని నిలబడింది. మర్నాడు గది గుమ్మంలోకి వచ్చింది. ఆ తరవాత అరుగు మీదకి వచ్చింది. తాతయ్య చెవుడు రోజురోజుకీ ముదిరిపోయింది. ఆఖరికి ఒక పొద్దున అత్త విసవిసా వాకిలి దాటి సావిడిలోకొచ్చి ఆయన చేతిలో గొట్టం లాక్కుంది. “నీకు దండం పెడతాను, ఇలాగియ్యి. దాన్ని సంపేస్తన్నావు,” అంది. వంటింటి గుమ్మంలో మామ్మ పమిట నోటికి అడ్డం పెట్టుకుని నిలబడిపోయింది.

ఇక్కడ నేనొక్కదాన్నే ఎరిగిన గుట్టు ఒకటుంది. అత్త ఇంకా అరుగు దాకానే వస్తున్న రోజుల్లో, ఒకసారి తెల్లవారగానే నేను సావిడికి వెళ్ళాను. ఇంజను ఎంత కమ్మగా తిరుగుతోందంటే మామ్మ మజ్జిగ చిలికినట్టుంది. తాతయ్య కళ్ళు మూసుకుని వింటున్నాడు. కాసేపటికి కళ్ళు తెరిచి, స్క్రూడ్రైవరు తీసి, స్క్రూని పని గట్టుకుని వెనక్కి తిప్పేశాడు. ఇంజను మళ్ళీ రొప్పింది. “అయ్యో, ఎందుకూ!” అని నాలో నేను గొణుక్కున్నాను. చెవిటి మనిషి గిరుక్కున నా వైపు తిరిగాడు! నూనె మరకల వేలు పెదవుల మీద పెట్టి, ఒక కన్ను మూశాడు. నాకు అప్పుడు తెలిసింది, ఆయన బాగుచేస్తున్నది కారుని కాదని. ఆ మాట ఎవరితోనూ చెప్పకుండా కడుపులో దాచుకోవడం నాకు ఎంత కష్టమైందో ఆ దేవుడికే తెలియాలి. అసలే నా నోట్లో నువ్వుగింజ నానేది కాదు.

అత్త చెయ్యి పడ్డాక కారు తీరే మారిపోయింది. ఆవిడ తీరూ మారింది. మధ్యాహ్నం పని ఆపి, ఆకలేస్తోందని తనే అడిగి రెండోసారి అన్నం పెట్టించుకుంది. తాతయ్యతో పోట్లాడేది, నన్ను గదమాయించేది, మావయ్య కబుర్లు చెబుతూ ఏడ్చి, ఏడుస్తూనే బోల్టు బిగించేది. ఇంకా కోతలు మొదలవకముందే బండి సిద్ధమైంది. ఆదివారం పొద్దున అరసవల్లి తీసుకెళ్ళి సూర్యనారాయణస్వామి దగ్గర పూజ చేయించాలన్నారు.

ఆ పొద్దున కారుకి పసుపూ కుంకుమా పెట్టి చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాం. ఊరు ఊరంతా మా వాకిట్లోనే ఉంది. తాతయ్య కూర్చుని ఇంజను పెట్టాడు. శకునం బాగుండాలని మామ్మ పక్కింటి పెద్దమ్మని పిలిచి, నీళ్ళబిందె ఇచ్చి ఎదురు రమ్మంది. నేను అత్త కోసం చూశాను. ఒక్క క్షణం క్రితం దాకా కారు అద్దం తుడుస్తున్న మనిషి లేదు. వంటింటి తలుపు వెనక చీర అంచు కనబడింది. ఎవరూ పొమ్మనలేదు, తనే వెళ్ళి దాక్కుంది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీద కోప్పడాలో తెలియక కాలితో నేలని తన్నాను.

తాతయ్య ఇంజను ఆపేశాడు. “ఈ బండికి పేణం పోసిందెవరో ఆవిడే ఎదురు రావాల. నేకపోతే నాను దిగిపోతాను,” అన్నాడు.

మామ్మ ఆయన దగ్గరికెళ్ళి చిన్నగా అంది. కానీ నేను అక్కడే ఉన్నాను, నాకు వినబడింది. “దారిలో ఏటన్నా అయితే మళ్ళీ నా పిల్లనే అంటారు. ఇంకా ఎన్ని మాటలు పడాల అది?” ఆ మాటతో మామ్మ మీద నా కోపం దిగిపోయింది. ఆవిడ భయపడింది శకునానికి కాదు, లోకం నోటికి.

“ఏటన్నా అయితే ముసిలోడికి తోలడం సేత కాదందాం. అందర్లోనూ నానే సెప్తాను,” అన్నాడు తాతయ్య.

మామ్మ గబగబా వెళ్ళి పెద్దమ్మ చంకలోంచి బిందె తీసుకుంది. వంటింట్లోకి వెళ్ళింది. అత్త వద్దు వద్దంటోంది, మామ్మ ఏదో గద్దిస్తోంది, ఇద్దరూ ఏడుస్తున్నారు. కాసేపటికి అత్త బిందె పట్టుకుని బయటికొచ్చింది. తల వంచుకుని వీధి గుమ్మం దాకా వెళ్ళి ఇటు తిరిగి కారుకి ఎదురు నడిచింది. తాతయ్య చేతులు జోడించాడు. కన్నకూతురికి తండ్రి దండం పెట్టడం నేను చూడటం అదే మొదలు. ఇంజను పెట్టాడు, నిమ్మకాయలు చితికాయి, కారు కదిలింది. అత్తని పక్క సీట్లో కూర్చోబెట్టుకున్నాడు, నేను ఆవిడ ఒళ్ళో ఎక్కేశాను.

ఊరు దాటలేదు, కారు దగ్గింది. మళ్ళీ దగ్గింది. చెరువు గట్టు దగ్గర ఆగిపోయింది. వెనకే పిల్లలూ, వాళ్ళ వెనక పెద్దలూ వచ్చేస్తున్నారు. అత్త ఒళ్ళు కట్టె అయిపోవడం నాకు తెలుస్తోంది. ఇంతేనా, మళ్ళీ ఆ గదేనా అనుకుని నాకు ఏడుపు తన్నుకొచ్చింది. జనం దగ్గర పడుతున్నారు. అప్పుడు అత్త నెమ్మదిగా తాతయ్య వైపు తిరిగింది.

“మళ్ళీ స్క్రూ తిప్పీసినావేటి నాన్నా?”

తాతయ్య తెల్లబోయాడు. “నీకు తెలుసేటి?”

“మిల్లులో బెల్టు జారితే రెండు వీధుల అవతల్నించి పసిగట్టినోడివి, ముక్కు కింద ఇంజను తెలీదేటి నీకు? రెండో రోజుకే తెలిసిపోనాది నాకు.”

“మరి తెలిసీ వచ్చినావా?”

“నువ్వు అంత కట్టపడి నటిస్తంటే, రాకపోతే బాగోదని వచ్చినాను.”

“ఈసారి నాను కాదే తల్లీ, ఒట్టు!” అని తాతయ్య నెత్తిన చెయ్యి పెట్టుకునేసరికి అత్త పకపకా నవ్వింది. వీధి చివరికి వినబడే ఆ పాత నవ్వు. కారు దిగి, మూత ఎత్తి, ఊరంతా చుట్టూ మూగి చూస్తుండగా పెట్రోలు గొట్టం ఊడదీసి నోటితో గట్టిగా ఊదింది. లోపల ఇరుక్కున్న కొబ్బరి పీచు పోగు ఎగిరి పడింది. మేం సీట్లలో కూరిందే! “శకునం కాదర్రా, పీచు!” అని దాన్ని ఎత్తి అందరికీ చూపించింది. తరవాత తాతయ్యని పక్కకి జరగమని స్టీరింగు ముందు తనే కూర్చుంది. అరసవల్లి దాకా అత్తే తోలింది.

అత్త తరవాత టీచరు చదువు చదివి శ్రీకాకుళంలో బడిలో చేరింది. ఆదివారాలు కారు తీసేది. దానికి సామాన్లు దొరకని రోజులొచ్చాక, పాత కార్లంటే పిచ్చి ఉన్న ఒకాయన వచ్చి పట్టుకెళ్ళాడు. వెళ్ళేటప్పుడు దానికి అత్తే ఎదురెళ్ళింది. ఇప్పుడు అత్తా లేదు, తాతయ్యా లేడు.

ఆ పొద్దున అత్తని చూసి నేర్చుకున్నాననే అనుకున్నాను. నా మీదకి వచ్చినప్పుడు తెలిసింది, నేర్చుకోలేదని. మూడేళ్ళ కిందట మా ఆయన పోయారు. కొన్నాళ్ళకి మా మనవడు కొత్త బైకు మీద మొదటి ఉద్యోగానికి బయల్దేరుతుంటే, నా కాళ్ళు వాటంతట అవే వంటింటి తలుపు వెనక్కి వెళ్ళిపోయాయి. ఎవరూ పొమ్మనలేదు. తలుపు వెనక నిలబడ్డాక అత్త చీర అంచు గుర్తొచ్చింది. సిగ్గేసింది నాకు. గ్లాసుతో నీళ్ళు పట్టుకుని గేటు దాకా వెళ్ళి, ఇటు తిరిగి వాడికి ఎదురు నడిచాను.

ఇప్పుడు మా ఇంట్లో అది రివాజు అయిపోయింది. వాడు బైకు మీద కూర్చుని హారను కొడతాడు, “మామ్మా, ఎదురొస్తావా, నన్ను లేటు సేస్తావా?” అని. నాకు మోకాళ్ళ నొప్పులు, ఒక పట్టాన లేవలేను. “ఆగరా, వస్తన్నాను,” అంటాను. వాడు ఆగుతాడు.