నాయనమ్మ చచ్చిపోయిన ఆదివారం

నా చిన్నప్పుడు మా నాయనమ్మ ఒక ఆదివారం పొద్దున్నే చచ్చిపోయి, సాయంత్రం దీపాలు పెట్టకముందే లేచింది. ఈ మాట చెప్తే మా పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుతారు. వాళ్ళ తప్పేం లేదు. మునగాల దగ్గర హైవే మీద పోయే లారీ హారన్ విని, అది సూర్యాపేట నుంచి వస్తోందో కోదాడ నుంచి వస్తోందో మా బర్రె చెవులాడించి చెప్పేదని వాళ్ళకు చెప్పింది నేనే. ఒక ఎండాకాలం గుమ్మిలోని వడ్లు గుమ్మిలోనే పేలాలయ్యాయని చెప్పిందీ నేనే. యాభై దాటినా నాకు ఆ గుణం పోలేదు. ఆ ఆదివారం సంగతి మాత్రం జరిగింది జరిగినట్టే చెప్తాను. దీనికి ఎందుకు రంగులద్దనో మీకే తెలుస్తుంది.

అంతకు ముందటేడు మా తాతయ్య పోయాడు. పొలంలో కూలబడితే జీపులో వేసుకుని సూర్యాపేట దవాఖానకు బయలుదేరారు. చివ్వెంల దగ్గర, దారిలోనే, అయిపోయింది. పక్కన ఉన్నది నాయనమ్మా, నాన్నా. కోదాడలో కాపురముండే మా మేనత్త వచ్చేసరికి తాతయ్యను వాకిట్లో పడుకోబెట్టారు.

మా అత్తకు అది మామూలు దుఃఖం కాదు. దానికి పది రోజుల ముందే ఆమె తాతయ్యతో పోట్లాడింది. కోదాడలో కొత్తింట్లోకి దిగుతూ తండ్రి తప్పకుండా రావాలని కబురు పెడితే, సాగర్ కాలువ నీళ్ళ వంతు ఆ రోజే వచ్చిందని ఆయన వెళ్ళలేదు. అత్త వచ్చి నాలుగు మాటలని, 'పోయొస్త' అని కూడా అనకుండా బస్సెక్కింది. ఆ చెప్పని మాట ఆమె గొంతులోనే ఉండిపోయింది.

తాతయ్య వదిలిపోయిన తిప్పలు ఇంకొకటి ఉంది. భూమి నాన్న పేరు మీదికి మారాలంటే పట్టా పాసుపుస్తకం కావాలి. అది ఎక్కడ పెట్టాడో ఎవరికీ చెప్పలేదు. సందుగ, అటక, దేవుడి గూడు, ఆఖరికి బర్రెల కొట్టం కప్పు కూడా విప్పి చూశాం. ఏడాది తిరిగేసరికి గుమ్మిలో వడ్లు అడుగంటితే, అడుగున ఒక ఇత్తడి చెంబు బయటపడింది. మూతికి గుడ్డ కట్టి, ఎలుకలు కొట్టకుండా అందులో దాచాడు మహానుభావుడు. అంటే ఏడాది పొడుగునా మేమంతా తెలియకుండానే పూటపూటకూ ఆ పాసుపుస్తకం వైపు తింటూ పోయామన్నమాట. నాయనమ్మ ఆ చెంబును చూసి కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా నవ్వింది. ఆ వారమే నాన్నతో సూర్యాపేట నుంచి ఒక లాంగ్ నోటుబుక్కు తెప్పించింది. ఆమెకు అక్షరం ముక్క రాదు. నేను నాలుగో తరగతి. బుక్కు నాకిచ్చింది.

ఆదివారం పొద్దున తలంటుకుని, లోపలింట్లో నులకమంచం వాల్చుకుని కూర్చుని మమ్మల్నందరినీ పిలిచింది. "ఇయ్యాల పొద్దుగూకేదాక నేను సచ్చినట్టే. నన్నేమడిగినా పల్కను. ఎవరికేం కావాలన్నా ఈ పిల్లకు చెప్పుండ్రి, బుక్కుల రాసుకుంటది."

అమ్మ హడలిపోయింది. అత్తమ్మా, పైన తథాస్తు దేవతలుంటరు, అవేం మాటలని బతిమాలింది. నాయనమ్మ తొణకలేదు. "దేవతలకు నాకన్న పెద్ద పనులున్నయ్ తియ్యి," అని ఆకు వక్క నోట్లో వేసుకుని చచ్చిపోయింది.

చచ్చిపోయినవాళ్ళు ఏం చేస్తారో నాకు ఎప్పటినుంచో తెలుసుకోవాలని ఉండేది. అందుకని ఆమె ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను. నేను కనిపెట్టిందేమిటంటే, వాళ్ళు ఆకు నములుతారు, ఈగల్ని తోలుకుంటారు, నవ్వొస్తే గోడ వైపు తిరుగుతారు.

గంట కాకముందే ఇల్లు అల్లకల్లోలమైంది. సందుగ తాళం చెవి ఏదని అమ్మ వచ్చింది. నేను రాసుకున్నాను. రెండు జాడీల్లో ఏది ఈ ఏటి తొక్కో తెలియక మళ్ళీ వచ్చింది. అదీ రాశాను. బడిలో ఇవ్వాల్సిన కాగితం మీద నాన్న పుట్టిన రోజు అడిగారని నేనంటే, నాన్న నోరు తెరిచి నాయనమ్మ వైపు చూశాడు. తాను పుట్టింది ఎప్పుడో ఆయనకు తెలియదు. అదీ బుక్కులోకే వెళ్ళింది. బీర విత్తనాలు ఏ కుండలో ఉన్నాయో, కడుపునొప్పికి నూరే కాయ పేరేమిటో, పెళ్ళిళ్ళకు ఇచ్చే పెద్ద గంగాళం ఇప్పుడు ఎవరింట్లో ఉందో, ఒక్కటీ మాకు తెలియదు. ఇంతకాలం మేమా ఇంట్లో బతికామా, నాయనమ్మ తలకాయలో బతికామా అని నాకు అనుమానమొచ్చింది.

అన్నిటికన్నా పెద్ద ఆపద బర్రెది. నాయనమ్మ చెయ్యి తప్ప ఇంకో చెయ్యి పడితే అది పాలు చేపదు. అమ్మ ప్రయత్నించి తన్ను తినబోయి తప్పించుకుంది. చివరికి నాన్న, అలవాటైన మనిషి వాసన తగిలితే నిలబడుతుందని, నాయనమ్మ పాత చీర ఒంటికి చుట్టుకుని, కొంగు తల మీదుగా కప్పుకుని, చెంబు పట్టుకుని బర్రె కింద కూర్చున్నాడు. మీసాలున్న నాయనమ్మను చూసి బర్రె కాసేపు ఆలోచించింది.

సరిగ్గా అప్పుడే పక్కింటి పెద్దవ్వ గోంగూర గంపతో కోదాడ బస్సుకు పోతూ మా దడి దగ్గర ఆగింది. కొట్టంలో నాన్న చీర కట్టుకుని ఉన్నాడు, అమ్మ కళ్ళు తుడుచుకుంటోంది. ఏమైందే పిల్లా అని నన్నడిగింది. మా నాయనమ్మ పొద్దున్నే చచ్చిపోయిందని ఉన్నమాటే చెప్పాను. ముఖం కూడా దానికి తగ్గట్టు పెట్టాను, అది నాకు పుట్టుకతో వచ్చిన విద్య. అంతలో బస్సు హారన్ వినిపించింది. పెద్దవ్వ లోపలికి తొంగి చూడకుండానే గుండెలు బాదుకుంటూ పరిగెత్తి బస్సెక్కింది. ఆమె గోంగూర అమ్మేది మా అత్త వాళ్ళ వీధిలోనే. ఆ సంగతి నాకు అప్పుడు తట్టలేదు.

మధ్యాహ్నం తిరిగాక మా వాకిట్లో లారీ ఆగింది. మిర్యాలగూడ మిల్లు నుంచి తవుడు బస్తాలు వేసుకుని వస్తున్న లారీ. బస్సు కోసం ఆగలేక, కోదాడలో దాన్ని ఆపి బస్తాల మీద ఎక్కి వచ్చింది మా అత్త. తల నిండా తవుడు, చెంపల మీద నీళ్ళ చారలు, కాళ్ళకు చెప్పులు లేవు. అమ్మా అని గుమ్మంలోనే కూలబడింది. తలెత్తి చూస్తే ఎదురుగా మంచం మీద వాళ్ళమ్మ, దవడలో ఆకు ముద్దతో.

నాయనమ్మ కూడా బిత్తరపోయింది. ఈ సంగతి ఆమె లెక్కలో లేదు. అత్త లేచి తిట్టడం మొదలుపెట్టింది. నీకు మతి ఉందా, లారీ ఎక్కొచ్చాను లారీ, నా ప్రాణం అక్కడే పోతే ఏం చేసేదానివని. కోదాడ కాపురంతో ఆమె మాట సగం ఆంధ్ర వైపు తిరిగింది. తిట్టి తిట్టి అలిసిపోయి మంచం పట్టె పట్టుకుని కింద కూర్చుంది. అప్పుడు బయటికొచ్చింది అసలు మాట.

"మళ్ళీ అందలేదనుకున్నానమ్మా. నాయిన పోయేటప్పుడు నన్ను అడిగాడా లేదా? ఏడాది నుంచి అడుగుదామని నోరు రాక చస్తున్నా."

నాన్న నేల చూశాడు. ఎవరూ పలకరేం అనిపించింది నాకు. ఒక్క ముక్క చెప్తే ఆమె ఏడుపు ఆగిపోతుంది కదా. నేనప్పటికే ఊళ్ళో పేరున్న అబద్ధాలకోరును. తాతయ్య నిన్నే పిలిచిండత్తా, మూడుసార్లు పిలిచిండు, నాన్నే చెప్పిండు అనేశాను. బుక్కులో చకచకా రాసేశాను కూడా. అత్త ముఖంలోకి వెలుగొచ్చింది. నాకెంత గర్వంగా ఉందో.

"కొట్టెయ్ దాన్ని," అంది నాయనమ్మ.

పొద్దుగూకకముందే ఆమె బతికింది. నేను పెన్సిల్‌తో ఆ వాక్యం మీద గీత గీసేదాకా నా వైపే చూసి, తర్వాత కూతురి తల మీద తవుడు దులుపుతూ చెప్పింది. "జీపెక్కేటప్పుడే ఆయన నోరు పడిపోయింది బిడ్డా. నిన్ను పిల్వలే. నన్ను పిల్వలే. నీళ్ళు గూడ అడగలే. మనసుల ఏమున్నదో నాకు తెల్వదు. తెల్వంది చెప్పి నిన్ను నమ్మియ్యను."

అత్త ముఖంలో వెలుగు పోయింది. నాకు నాయనమ్మ మీద కోపమొచ్చింది. ఒక చిన్న అబద్ధం ఉంచితే ఏం పోయిందని. కానీ ఆమె ఇంకా ఆగలేదు.

"రేపు నా నోరు గూడ పడిపోవచ్చు. నువ్వు అందకపోవచ్చు. కోదాడ బస్సు సంగతి నీకు ఎరికే. అందుకే ఇప్పుడే పిలుస్తున్న, ఇను."

అత్తకు ఒక ముద్దుపేరు ఉండేదట, పాలు తాగే వయసులో పెట్టింది. నేను అంతవరకు వినలేదు. నాయనమ్మ ఆ పేరుతో పిలిచింది. అత్త తల దించుకుంది. రెండోసారి పిలిచింది. అత్త భుజాలు కదిలాయి. మూడోసారి పిలిస్తే, బడిలో హాజరు పలికే పిల్లలా, ఆఁ అంది.

నాయనమ్మ నా వైపు తిరిగి, "మూడుసార్లన్నవ్ గద. ఇగ రాసుకో," అంది.

సాయంత్రం దీపాలు పెట్టాక నాయనమ్మ ఆ ప్రశ్నలన్నిటికీ ఒక్కొక్కటిగా జవాబు చెప్పింది, నేను రాశాను. నాన్న ఏరువాక పున్నమి తర్వాత మూడో రోజు పుట్టాడట. బర్రెకు చీరతో పనేమీ లేదు, మెడ కింద ఎడమ పక్క గోకితే చాలట. నాన్న చాలాసేపు ఎవరి కళ్ళలోకీ చూడలేదు.

నేను సూర్యాపేటలో కాలేజీ చదివేటప్పుడు నాయనమ్మ నిజంగానే పోయింది. ఆమె అన్నట్టే ముందు నోరు పడిపోయింది. ఆమె అన్నట్టే అత్తకు కోదాడ బస్సు అందలేదు. ఆ రోజు మా ఇంట్లో ఎవరూ దేనికోసమూ వెతకలేదు. కప్పాల్సిన చీర ఏదో, ఎవరెవరికి కబురు పెట్టాలో అన్నీ బుక్కులో ఉన్నాయి. అత్త వచ్చి, నాయన సంగతి అడిగినట్టు ఈసారి ఏమీ అడగలేదు. ఆ బుక్కు తెమ్మంది. కొట్టేసిన వాక్యం కింద నా కోడిగీతల్లో మూడుసార్లు రాసి ఉన్న తన పేరు మీద వేలు పెట్టి కాసేపు కూర్చుంది. తర్వాత లేచి, ముఖం కడుక్కుని, నీళ్ళు తోడడానికి వెళ్ళింది.

ఇప్పుడు నాకూ ఒక లాంగ్ నోటుబుక్కు ఉంది. ఫోన్ తాళం అంకెలు, గ్యాస్ పుస్తకం, ఆధార్ కార్డులు పెట్టిన డబ్బా, నా మందుల చీటీ, నేను పోతే ఏ ఫోటో పెట్టాలో ఏది పెట్టకూడదో, అన్నీ ఉన్నాయి. ఏడాదికొక ఆదివారం నేనూ చచ్చిపోతాను. వంటింట్లోంచి మా ఆయన అరుపులు వింటూ గోడ వైపు తిరిగి నవ్వుకుంటాను. నా ఏ మాటా నమ్మని మా పిల్లలు ఆ బుక్కును మాత్రం నమ్మొచ్చు. హారన్ గుర్తుపట్టే బర్రె అందులో లేదు. ఆఖరి పేజీలో వాళ్ళ ముగ్గురి పేర్లు మూడేసిసార్లు ఉన్నాయి. ప్రతిసారీ ముందు ఫోన్ చేసి నోరారా పిలిచి, ఏంటమ్మా ఊరికే అని వాళ్ళు విసుక్కున్నాకే రాసుకున్నాను.