పసుపు బండికి తెల్ల తొడుగు

మా వ్యాను పసుపుపచ్చది. చిల్కానగర్ సందుల్లో తిరిగి పిల్లల్ని ఎక్కించుకుని, నాచారంలో ఒక ప్రైవేటు బడి దగ్గర దించి రావడం మా ఆయన పని. చిన్నవాళ్లు నిద్రమత్తులో సీటు మీంచి జారిపడకుండా పట్టుకోవడం, టిఫిను డబ్బాలు మారిపోకుండా చూడటం నా పని. పిల్లలంటే నాకు తెగ ముద్దని ఎవరూ అనుకోనక్కర్లేదు, వాళ్లను తిట్టినంతగా నేను ఎవర్నీ తిట్టలేదు. వాళ్లు మాత్రం దిగాక నాకు చెయ్యి ఊపకుండా గేటు లోపలికి పోయేవాళ్లు కాదు.

కిందటేడు వేసవిలో బడివాళ్లు సొంత బస్సులు కొన్నారు. ఇక మీ బండి అక్కర్లేదని ఫోన్లో చెప్పేశారు. జూన్‌లో బళ్లు తెరిచారు, మా బండి ఇంటి ముందే ఉండిపోయింది. ఆస్పత్రి నుంచి శవాలను ఊళ్లకు చేర్చే పని ఉందని తెలిసినవాళ్లు అన్నారు. ఆలేరు, జనగామ వైపు పోవాలి, బండి తెల్లగా ఉండాలి. మా ఆయన ఆ మాట విన్నప్పటి నుంచి అన్నం సరిగా తినలేదు, అయినా వేరే దారి లేక ఒప్పుకున్నాడు. శవం ఎక్కిన బండని తెలిస్తే మా వైపు ఏ తల్లీ తన బిడ్డను అందులో ఎక్కించదు.

అందుకే తెల్ల రంగు వేయించకుండా ఉప్పల్‌లో స్టిక్కర్ల షాపుకు తీసుకుపోయాడు. బండి ఒళ్లంతా తెల్ల వినైల్ షీటు అతికిస్తారు. రంగు వేస్తే పసుపు పోతుంది, ఇదైతే పైన తొడుగే కాబట్టి పీకేసిన రోజు బడి బండి మళ్లీ బయటికొస్తుందని అతని ఆశ. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగితే ఊరికి కనబడదా అని నేను దెప్పాను.

"గీ పని ఎన్నొద్దులు జేస్తమో ఏమో. పిల్లల పని మళ్ల దొరికితే మనకు పసుపు బండి ఉండాలె గద" అన్నాడు.

సాయంత్రానికి బండి తెల్లగా తిరిగొచ్చింది. సీట్లు విప్పి డాబా మీద పెట్టి, పైన పట్టా కప్పాం.

అప్పటి నుంచి మా ఇంట్లో మాటలు తగ్గిపోయాయి. ప్రతి ట్రిప్పు తర్వాత అతను గేటు దగ్గరే ఆగేవాడు. నేను బకెట్ నీళ్లలో పసుపు వేసి తెచ్చిస్తే, అక్కడే తలారా పోసుకుని లోపలికి వచ్చేవాడు. ఇదివరకు ఏ పిల్లాడు ఎవర్ని గిచ్చాడో కూడా చెప్పి నవ్వించిన మనిషి, ఇప్పుడు ఏ ఊరు పోయొచ్చావంటే ఊరి పేరు చెప్పి ఊరుకునేవాడు. ఒకరోజు నీళ్లు పోసుకుంటూ, ఇవాళ చిన్నపిల్ల అన్నాడు. ఆ పూట నేనూ తినలేదు.

ఈ ఏడు దసరా సెలవుల చివర్లో కాప్రా నుంచి ఒక బడివాళ్లు ఫోన్ చేశారు. వాళ్లకు వ్యాను నడిపే అతను మానేశాడట, సోమవారం నుంచి బండి కావాలి, మీ పసుపు బండి ఇంకా ఉందా అని అడిగారు. ఉందన్నాడు మా ఆయన. అతని ముఖంలో నవ్వు చూసి నా కడుపు నిండింది. బండి ఇన్నాళ్లు ఏం మోసిందో వాళ్లకు చెప్పాలా అని నన్నడిగాడు. చెప్పొద్దన్నాను. చచ్చినవాళ్లు ఎవరికీ అంటుకోరు, బతికున్నవాళ్ల నోళ్లే అంటుకుంటాయి. నేనే డాబా ఎక్కి సీట్లు దించి, సబ్బుతో కడిగి ఎండబెట్టాను.

మర్నాడు ఇద్దరం అదే షాపుకు పోయాం. స్టిక్కర్లాయన బానెట్ మూలకు వేడిగాలి కొట్టి, షీటు అంచు పట్టుకుని లాగాడు. షీటు వచ్చింది. దాని వెనకే అతుక్కుని పసుపు రంగు కూడా పెచ్చులు పెచ్చులుగా వచ్చేసింది. కింద తుప్పు పట్టిన రేకు కనిపించింది. తలుపు దగ్గర లాగినా అంతే.

"కంపెనీ రంగైతే నిలుస్తుండే అన్నా. ఇది మీదికెల్లి పూసిన రంగు, గమ్ముతోనే వస్తది" అన్నాడాయన.

అది మేము వేసిన రంగే. ప్రతి ఏడూ బళ్లు తెరిచే ముందు నేను డబ్బాలో రంగు కలిపి ఇస్తే, మా ఆయన బ్రష్షుతో సొట్టల మీదా గీతల మీదా పూసేవాడు. పాత రంగు గీకాలని మాకు తోచలేదు. పిల్లలు వచ్చేసరికి బండి మెరవాలి, అంతే మాకు తెలిసింది. ఏడాదికో పూత చొప్పున పెరిగిన ఆ రంగు రేకును పట్టుకోనే లేదు.

మొత్తం గీకి, రేకు పని చేసి, మళ్లీ పసుపు వేయాలంటే పది పదిహేను రోజులన్నాడు షాపాయన. మా ఆయన కాప్రా బడికి ఫోన్ చేసి సోమవారానికి కాదని చెప్పాడు. సరే, వేరే బండి చూసుకుంటామన్నారు వాళ్లు.

ఊడిన ముక్కను పసుపు వైపు తిప్పి కాసేపు చూశాడు. తర్వాత దాన్ని కింద పెట్టి షాపాయనతో అన్నాడు.

"మళ్ల తెల్లదే ఏయన్నా. ఈసారి పీకే పని లేదు."

నేను బయట మెట్టు మీద కూర్చుని ఏడ్చాను. లోపల అతని ఫోన్ మోగింది, ఆస్పత్రి నుంచి. పొద్దున్నే వస్తానని చెప్పాడు.