ముడి నిలవని చేయి

తాగితేనే చేయి నిలుస్తుందని అప్పలసూరి గట్టిగా నమ్మాడు. కళింగపట్నం దగ్గర ఒడ్డునున్న ఆ ఊళ్లో వల ఎవరిది చిరిగినా అతని దగ్గరికే వచ్చేది. పొద్దున్నే ఓ గ్లాసు పడితే వేళ్లు స్థిమితపడేవి, ముడి మీద ముడి చకచకా పడేది. ఎందుకీ తాగుడని భార్య నారాయణమ్మ అడిగితే మాత్రం నెపం సముద్రం మీదికి తోసేవాడు. "తెల్లారగట్ట నీల్లల్లో సలి నీకేటి తెలుసు?"

ఏప్రిల్‌లో వేట నిషేధం మొదలైంది. తెప్పలన్నీ ఇసుక మీదికెక్కాయి. అప్పలసూరి తాగుడు ఇంకాస్త పెరిగింది. నారాయణమ్మ తమ్ముడు గంగులు పదిమందిలో అననే అన్నాడు.

"బావా, సముద్రం రెండు నెల్లు మూసీసినారు. నీ సలి మూయనేదేటి?"

అందరూ నవ్వారు. గంగులు నవ్వలేదు. "వేట తెరిసేసరికి మానకపోతే సుక్కాని నాకిచ్చీ. తెప్పలో నేనూ ఉంటాను. నాకూ పిల్లలున్నారు."

ఇరవై ఏళ్లుగా ఆ తెప్ప చుక్కాని అప్పలసూరిదే. రోషం పొడుచుకొచ్చింది. ఆ సాయంత్రమే గంగమ్మ గుడి ముందు పసుపునీళ్లు నెత్తిన పోసుకుని, ఇక చుక్క ముట్టనని ఒట్టేశాడు. అమ్మ మీద ఒట్టు తప్పినవాణ్ణి ఆ ఊళ్లో ఎవరూ తెప్ప ఎక్కనివ్వరు.

మర్నాడు చేతులు వణికాయి. రెండో రోజు తిన్నది నిలవలేదు, ఒళ్లంతా చెమట. మూడో రోజు మధ్యాహ్నం గోడ మీద ఎర్రపీతలు పాకుతున్నాయంటూ చీపురుతో బాదడం మొదలెట్టాడు. గోడ మీద ఏమీ లేదు.

"అమ్మోరు పరీచ్చ పెడతన్నాది. గుడికి తీసుకెల్లండి" అంది అప్పలసూరి తల్లి అప్పలనరసమ్మ.

నారాయణమ్మ గుడికి పోలేదు. గ్రామ సచివాలయం నర్సు పద్మకుమారిని పిలుచుకొచ్చింది. ఆమె నాడి చూసి లేచి నిలబడింది.

"రోజూ తాగీ మనిసి ఒక్కసారి మానీస్తే ఇలాగే అవుతాది. ఫిట్స్ వస్తాయి, పేనమ్మీదికొస్తాది. మానడం మంచిదే గాని డాక్టరు దగ్గర మానాల. ఆటో పిలండి."

"ఒట్టు తప్పుతాదే..." అప్పలసూరి గొణిగాడు.

"నిన్ను తాగమననేదు, మావా. ఆస్పత్రి మంచమ్మీద పడుకోమన్నాను" అంది నారాయణమ్మ.

శ్రీకాకుళం ఆసుపత్రిలో నాలుగు రోజులకు పీతలు కనిపించడం మానేశాయి. అయిదో రోజు డాక్టరు అనూరాధ కుర్చీ లాక్కుని కూర్చుంది.

"పొద్దున్నే ఎందుకు తాగుతావు?"

"సెయ్యి వణుకుతాది డాక్టరమ్మా. వల ముడి పడదు."

"మరి చేయెందుకు వణుకుతుంది?"

అలవాటుగా సముద్రం అనబోయాడు. కిటికీలోంచి రోడ్డు మీద బస్సులే కనిపిస్తున్నాయి, సముద్రం లేదు. "ముందు రోజు తాగింది దిగిపోతాది గదా, అందుకు" అన్నాడు మెల్లిగా. పక్కనే పాలగ్లాసు కడుగుతున్న నారాయణమ్మ తలెత్తి చూసింది.

పన్నెండో రోజు ఇంటికి పంపారు. ఆ తర్వాత రోజూ మాత్రలు, పదిహేను రోజులకోసారి శ్రీకాకుళం బస్సు. వేళ్లు ఇంకా పూర్తిగా మాట వినడం లేదు. పది ముళ్లేస్తే రెండు జారేవి. ఊడదీసి మళ్లీ వేసేవాడు.

జూన్‌లో వేట తెరిచిన ఉదయం తెప్పను నీళ్లలోకి తోశారు. గంగులు చుక్కాని దగ్గర పక్కకు జరిగాడు.

"రా బావా."

అప్పలసూరి తన చేతులు ఓసారి చూసుకున్నాడు.

"ఈ నెల నువ్వే పట్టరా. ఈ సేతిమీద నాకింకా నమ్మకం కుదరనేదు" అని, పోయి వల దగ్గర కూర్చున్నాడు.