వేలు పెట్టి చూపించు

చిన్నప్పటి మా పక్కింటి అక్క పర్చూరులో, తన కూతురి దగ్గర, ప్రభువు సన్నిధికి చేరిందన్న కబురు నాకు మొదట తెచ్చింది మాకు పాలు పోసే ఆమె. గాల్‌బ్లాడర్ ఆపరేషన్ అయి నాకు వారం. వెళ్లలేకపోయాను. కబురు చెప్పి ఆమె వెళ్లిపోయాక ఇంట్లో నేనొక్కదాన్నే మిగిలాను.

నా చిన్నప్పుడు, పదేళ్ల వయసులో, అపెండిక్సుకు ఆపరేషన్ చేశారు. ఇంటికి వచ్చేసరికి మిరపకోతలు ముమ్మరంగా సాగుతున్నాయి. అమ్మానాన్నా తెల్లవారుతూనే చేలోకి పోయేవారు. నేను బడికి వెళ్లినదాన్ని కాదు, అమ్మే బైబిలు ముందు పెట్టుకుని అక్షరాలు నేర్పింది. అందుకని చూడవచ్చే స్నేహితులూ లేరు. నొప్పి మాత్రల పొట్లాన్ని అమ్మ పక్కింటి అక్క చేతికిచ్చి, డాక్టరు గారు చెప్పిన వేళకే వేయమంది.

మొదటి రెండు రోజులు కుట్లు నిజంగానే సలిపాయి. అక్క అన్నం తినిపించి, వేళ తప్పకుండా మాత్ర వేసింది. వేసుకుంటే మగతగా నిద్ర పట్టేది. లేచేసరికి అమ్మ వచ్చి ఉండేది. అది నాకు బాగుంది. నాలుగో రోజుకు నొప్పి తగ్గినా, అమ్మ గడప దాటగానే మాత్ర కావాలని ఏడుపు మొదలుపెట్టాను.

అక్క తిట్టలేదు. "ఎక్కడే నొప్పి? వేలు పెట్టి చూపించు" అంది. చూపించబోయి, ఎక్కడ పెట్టాలో తెలియక ఆగిపోయాను.

అక్క వాళ్లింటికి పోయి గంపెడు విచ్చని పత్తికాయలు తెచ్చుకుంది. మిరపకాయలైతే ఘాటుకు దగ్గొచ్చి నా కుట్లు లాగుతాయని తేలేదట. "ఈ గంప వలిచేదాకా నాతో కబుర్లు చెప్పు. మధ్యలో నిజంగా నొప్పి వస్తే చెప్పు, దాచుకోబాకు."

గంప ఖాళీ అయింది. మాత్ర అడగడం నేను మరిచిపోయాను.

"కుట్టు నొప్పి కాదే పిచ్చిదానా, ఒక్కదానివే ఉన్నావని. దానికి మాత్ర ఎందుకు, నేను లేనూ?" అంది. ఆ రోజు నుంచి కోతలయ్యేదాకా ఆమె పని మా వసారాలోనే సాగింది. మిగిలిన మాత్రలు నడుము నొప్పికి ఇవ్వమని కోతకూలీ ఒకామె అడిగితే, "ఈ పిల్లకు రాసినవి నీకెట్లా పనికొస్తాయి ఒదినా, డాక్టరుకు చూపించుకో" అని, కుట్లు విప్పిన రోజున ఆసుపత్రిలోనే తిరిగి ఇచ్చేసింది.

మొన్న కబురు విన్నాక నా చేయి మాత్రల మీదికి పోయింది. వేళ కాలేదు. కుట్ల మీద మెల్లగా వేలు పెట్టి చూసుకున్నాను. నొప్పి అక్కడ లేదు. మాత్ర పక్కన పెట్టి, పాలామెకు ఫోన్ చేసి కాసేపు వచ్చి కూర్చోమన్నాను. వచ్చింది. దేవునికి వందనాలు.

ఇది చదివిన వారు ఒక్కసారి మా పక్కింటి అక్కను తలుచుకోండి. పేరు అక్కర్లేదు, ఆయనకు తెలుసు.